రంగు సబ్బులో చారలు, నెఱ్ఱెలు
(మోతెలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

రోడ్లను గూర్చియో, మురుగు కాలువలను గూర్చియో, త్రాగునీటిని గూర్చియో మేము మాట్లాడుదుమని మీరు తలచి యుందురు. నేడు మేము సబ్బును గూర్చి మాట్లాడ వచ్చితిమి. అందును అన్ని సబ్బులను గూర్చి కాదు. ఇంటిలో పొయ్యి లేకుండ, నూనెను కాస్టిక్ సోడాతో కలిపి తయారుచేయు రంగు సబ్బును గూర్చి, దానిలో పడు చారలను గూర్చి, నెఱ్ఱెలను గూర్చి మాత్రమే. ఇంత చిన్న విషయము పంచాయతీ సభ కేల యని మీరు అడుగవచ్చును. కారణము చెప్పెదము.

కొంతకాలము క్రిందట ఈ ప్రాంతమున ఒక గ్రామములోని మహిళా సంఘమువారు ఒక గంపనిండ సబ్బులు తెచ్చి మా ముందు పెట్టిరి. పది మంది స్త్రీలు అప్పు తెచ్చుకొని ఆరంభించిన పని అది. వేపాకు పచ్చ రంగున ఒక రకము, పాల వలె తెల్లనిది మరియొక రకము. పచ్చ సబ్బును కోసి చూడగా ముదురు పచ్చ చారలు, అక్కడక్కడ రంగు చుక్కలు కానవచ్చెను. తెల్ల సబ్బు నిండ ఎండిన చెరువు అడుగున నేల నెఱ్ఱెలు విచ్చినట్లు సన్నని పారదర్శకమైన గీతలు అల్లుకొని యుండెను. సంతలో ఒక్కటియు అమ్ముడు పోలేదు. "ఇందులో సున్నము కలిపినారు" అని ఒకరు, "పాత సబ్బు కరిగించి పోసినారు" అని మరియొకరు అనిరట. ఆ సంఘపు పెద్దామె మాతో, "సారూ, సబ్బు పోతే పోయె, మాట పోయింది" అనెను. ఆ మాట మమ్ము కదిలించినది.

అప్పుడు మేము చేసిన పొరపాటు కూడ మీకు చెప్పవలెను. రంగు సరిగా కరుగుటకు నీరు చాలలేదేమో యని తలచి, మరుసటి పోతలో మరి 300 గ్రాముల నీరు ఎక్కువ పోయుడని మేమే సలహా యిచ్చితిమి. వారు నమ్మి అట్లే చేసిరి. రెండవ పోత మొదటిదానికంటె అధ్వాన్నమయ్యెను. తెల్ల సబ్బు అంతయు నెఱ్ఱెల వలయే. రెండు పోతల నూనె, సోడా, రంగు వృథా యయ్యెను. వాయిదా చెల్లింపు దినము దగ్గర పడుచుండెను. తెలియని విషయమున సలహా చెప్పుట ఎంత తప్పో మాకు నాడు తెలిసినది. అటుపిమ్మట సబ్బు రసాయనమును గూర్చి చదివి, అనుభవము కలవారిని అడిగి, సంఘమువారితో కూర్చుండి మూడవ పోత పోయించితిమి. ఆ పాఠమునే నేడు మీకు వినిపించుచున్నాము.

సబ్బు ఎట్లు పుట్టును?

మన పెద్దలు కుంకుడుకాయ, శీకాయ, సున్నిపిండి వాడిరి. బట్టలకు చౌడుమన్ను వాడెడివారు. చౌడులోని సోడా క్షారమే మురికిని వదలగొట్టెడిది. సబ్బులో కూడ క్షారమున్నది గాని, అది నూనెతో కలిసి తన స్వభావము మార్చుకొన్నది. నూనె యనునది కొవ్వు ఆమ్లములు, గ్లిజరిన్ కలిసిన పదార్థము. దానికి కాస్టిక్ సోడా నీరు తగిలినపుడు, కొవ్వు ఆమ్లములు సోడాతో కలిసి సబ్బగును. గ్లిజరిన్ విడిపోయి సబ్బులోనే నిలుచును. కొవ్వుల నిర్మాణమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రల్ పరిశోధించి, 1823లో గ్రంథరూపమున ప్రకటించెను. దక్షిణ దేశమున, విశ్వేశ్వరయ్యగారు దివానుగా నున్న కాలమున, మైసూరు రాజ్యము బెంగుళూరులో ప్రభుత్వ సబ్బు కర్మాగారము నెలకొల్పెను. విశ్వేశ్వరయ్యగారి పూర్వులు తెలుగు దేశములోని మోక్షగుండమువారు. స్వాతంత్ర్యానంతరము 1957లో పని ప్రారంభించిన ఖాదీ గ్రామోద్యోగ కమిషను, తినుటకు పనికిరాని నూనెలతో సబ్బు తయారుచేయుటను గ్రామ పరిశ్రమగా ప్రోత్సహించినది. 1956లో విశాఖపట్టణమున ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అమ్ము సరకులలో సబ్బులును కలవు. కావున ఇది మనకు క్రొత్త పని కాదు.

మన ప్రాంతమునకు మరియొక యనుకూలత కలదు. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట జిల్లా ఏర్పడుటకు పూర్వము మోతె నల్లగొండ జిల్లాలో నుండెను. ఆ నల్లగొండ జిల్లా మెట్ట చేలలో ఆముదపు పంటకు పేరు పడినది. ఆముదము సబ్బునకు మంచి నురుగును నిలుపును. అయితే అది ఎక్కువైనచో సబ్బు జిగటగా మెత్తబడును. నూటికి 5 మొదలు 10 పాళ్లు చాలును.

ఒక కిలో నూనెకు లెక్క

ఒక కొలత చెప్పెదము. కొబ్బరినూనె 300 గ్రాములు, పామాయిలు 400 గ్రాములు, తవుడునూనె 200 గ్రాములు, ఆముదము 100 గ్రాములు. మొత్తము ఒక కిలో. ప్రతి నూనెకును తనదైన సోడా లెక్క కలదు. ఒక గ్రాము కొబ్బరినూనెకు 0.183 గ్రాము, పామాయిలునకు 0.141, తవుడునూనెకు 0.133, ఆముదమునకు 0.128 గ్రాము కాస్టిక్ సోడా సుమారుగా వలయును. కూడగా మొత్తము 150 గ్రాములకు పైబడును. అయితే అంతయు వేయరాదు. నూటికి 5 పాళ్లు తగ్గించి 143 గ్రాములు మాత్రమే వేయవలెను. అప్పుడు కొంత నూనె సబ్బు కాకుండ మిగిలి చర్మమునకు మెత్తదనము నిచ్చును. సోడా మిగులు భయము తగ్గును. ఒక నూనెకు బదులు మరియొక నూనె వాడినపుడు ఈ లెక్క మరల వేయవలెను. కొలతలన్నియు బరువుననే. గ్లాసులతో, దోసిళ్లతో కొలుచుట ఈ పనికి పనికిరాదు. గ్రాము వరకు చూపు త్రాసు లేనిదే ఈ పని మొదలు పెట్టరాదు.

ఇక నీరు. ఇక్కడనే మా పొరపాటు ఉన్నది. చాలమంది నూనె బరువులో నూటికి 38 పాళ్లు నీరు పోయుదురు. కిలో నూనెకు 380 గ్రాములన్న మాట. సోడా కరుగుటకు అంత నీరు అవసరము లేదు. సోడాకు రెట్టింపు, అనగా 286 గ్రాములు చాలును. ఆ సంఘమువారు 5 కిలోల నూనెకు 1900 గ్రాముల నీరు పోసిరి. మా సలహాతో 2200 గ్రాములు పోసిరి. మూడవమారు 1430 గ్రాములు మాత్రమే పోయించితిమి. మొదటిసారికంటె 470 గ్రాములు తక్కువ. నెఱ్ఱెలు మాయమగుటకు ఇది యొక ప్రధాన కారణము.

నెఱ్ఱె లెందులకు పడును?

సోడా, నూనె కలిసినపుడు వేడి పుట్టును. ఆ వేడికి అచ్చులోని ముద్ద నడుమనుండి మొదలై, అంచుల వరకు పారదర్శకమైన జెల్లి వలె మారును. పిమ్మట చల్లారి గట్టిపడును. నీరు ఎక్కువ యున్నచో తక్కువ వేడికే జెల్లి యగును. చాలసేపు అట్లే నుండును. అది మెల్లగా చల్లారునపుడు సబ్బు అంతయు ఒక్కసారిగా గట్టిపడదు. కొంత భాగము ముందు గట్టిపడును, కొంత భాగము నీటితో కూడి వెనుక గట్టిపడును. తెల్లరంగు రేణువులు ఒక భాగమున చేరి, రెండవ భాగము రంగులేక పారదర్శకమైన గీతగా మిగులును. అవియే నెఱ్ఱెలు. రంగు లేని సబ్బులో అవి ఉన్నను కంటికి అంతగా తెలియవు. టైటానియం డయాక్సైడు అను తెల్లరంగు వేసినచో స్పష్టముగా కనబడును. కావుననే తెల్ల సబ్బున ఈ లోపము ఎక్కువ యని జనులు తలచుదురు. తప్పు రంగుది మాత్రమే కాదు. నీటిది, వేడిది కూడ.

ఈ నెఱ్ఱెలు హానికరములు కావు. అట్టి సబ్బు మామూలు సబ్బు వలెనే మురికి వదలగొట్టును. సున్నము కలిపినారను మాట అబద్ధము. అయితే కొనువాడు కంటితో కొనును. చూచుటకు బాగులేని సరకును అతడు చేతితో ముట్టడు. అందువలన దానిని నివారింపవలసినదే.

నివారణకు నాలుగు ఉపాయములు కలవు. మొదటిది, నీరు తగ్గించుట. రెండవది, వేడి తగ్గించుట. సోడా నీరు కలిపినప్పుడు దాని వేడి 80 డిగ్రీలను దాటును. అది చల్లారి 40 డిగ్రీల ప్రాంతమునకు వచ్చిన పిమ్మట, నూనెలును అంతే వెచ్చదనమున నున్నప్పుడు కలుపవలెను. మన వేసవిలో పగటి ఎండ తెలిసినదే. ఆ దినములలో తెల్లవారుజామున పోయుట మేలు. మూడవది, అచ్చు చిన్నదిగా నుండుట. ఆ సంఘమువారు పెద్ద కొయ్య పెట్టెలో 5 కిలోల నూనె పోతను ఒక్కటే దిమ్మెగా పోసి, పైగా గోనె సంచులు కప్పిరి. ఆ వేడి బయటికి పోవు దారి లేదు. దిమ్మె నడిమి భాగము పైకి ఉబ్బి పగిలినది కూడ. పలుచని చిన్న అచ్చులలో పోసి, గాలి తగులు చోట, ఒకదానికొకటి ఆనకుండ ఉంచవలెను. తేనె, బెల్లము, పాలు కలిపిన సబ్బు మరింత వేడెక్కును. దానిని అసలే కప్పరాదు. నాలుగవది, తెల్లరంగు మితముగా వేయుట. కిలో నూనెకు 5 గ్రాములు చాలును, 10 గ్రాములకు మించరాదు. మరింత తెలుపు కోరి ఎక్కువ వేసినకొలది నెఱ్ఱెలు స్పష్టమగును.

వేడి అంతటను ఒకే తీరుగా నుండవలెను. నడుమ జెల్లియై అంచులు కాకున్నచో, కోసిన ముక్కలో నడుమ ముదురు రంగు గుండ్రము, చుట్టును లేత రంగు కానవచ్చును. అదియును లోపమే గాని హాని లేదు. సబ్బు పైభాగమున బూడిద వంటి తెల్లని పూత ఏర్పడుట మరియొకటి. ఇంకను సబ్బు కాని సోడా, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి సోడియం కార్బొనేటుగా మారుట దానికి కారణము. దానిని తడిగుడ్డతో తుడిచినచో పోవును. నీరు తగ్గించి, అచ్చుపై మూత యుంచినచో అది తగ్గును. కాని మూత యనగా గోనెలు కప్పుట కాదు.

చార లెందులకు పడును?

చారలకు కారణములు వేరు. మొదటి కారణము రంగును పొడిగానే ముద్దలో చల్లుట. పిండి కలుపు స్త్రీలు ఎవరినైన అడుగుడు. వేడి చారులో శనగపిండి చల్లినచో ఉండలు కట్టును. ముందు చన్నీట కలిపి పోసినచో కలిసిపోవును. రంగు విషయము కూడ అంతే. 5 గ్రాముల రంగును, ఆ కిలో నూనెలోనుండియే తీసిన మూడు చెంచాల తేలికపాటి నూనెలో వేసి, మందులు నూరు కల్వములో కణము తగులకుండ నూరవలెను. పిమ్మట పలుచని గుడ్డతో వడియకట్టవలెను. గుడ్డలో మిగిలినదే రేపటి సబ్బులో చుక్క యగునని తెలిసికొనుడు. నూనెలో కలియు రంగులు కొన్ని, నీటిలో కలియు రంగులు కొన్ని కలవు. టైటానియం డయాక్సైడు రెండు విధముల దొరకును; కొనునప్పుడే అడిగి తెలిసికొనవలెను. నీటిలో నూరినచో, ఆ నీటిని సోడా నీటి లెక్కలోనుండియే తగ్గించవలెను. లేనిచో మేము చేసిన పొరపాటే మీరును చేసినవారగుదురు. పొడి రంగులు నూరునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

రెండవ కారణము వేళ తప్పుట. నూనె, సోడా నీరు కలిపి చిలుకగా ముద్ద చిక్కబడును. గరిటెతో కొంత తీసి పైన పోసినచో, ఒక క్షణము జాడ నిలిచినచో అది తగిన వేళ. పలుచని గంజి వలె నున్న ఆ స్థితిలోనే రంగు కలుపవలెను. అట్లుకాక జావ వలె చిక్కబడిన పిమ్మట కలిపినచో రంగు అంతట పరుచుకొనదు, చారలు పడును. కొన్ని సువాసన తైలములు ముద్దను తటాలున గట్టిపరచును. క్రొత్త తైలమును ముందు కొంచెము ముద్దలో కలిపి పరీక్షించి చూడవలెను.

మూడవ కారణము నూనె పూర్తిగా కరుగకపోవుట. చలికాలమున కొబ్బరినూనె, పామాయిలు పేరుకొనును. పైపైన వెచ్చజేసి కలిపినచో గడ్డకట్టిన కొవ్వు తెల్లని మచ్చలుగా మిగులును. నూనె అద్దము వలె తేటపడిన పిమ్మటనే కొలిచి, 40 డిగ్రీలకు చల్లార్చి వాడవలెను.

నాలుగవ కారణము ప్రమాదకరమైనది. సోడా పూర్తిగా కరుగకున్నను, ముద్ద సరిగా కలియకున్నను, కొంత సోడా ఒక చోట గూడు కట్టును. అది గరుకైన తెల్లని పొడిగానో, కోసిన చోట చెమ్మ చుక్కలుగానో కనబడును. రంగు చారకును దీనికిని తేడా తెలిసికొనవలెను. నాలుకతో రుచి చూచు పద్ధతి కొందరు చెప్పుదురు. మేము దానిని సమర్థింపము. ఉన్నత పాఠశాలలో విజ్ఞాన శాస్త్రోపాధ్యాయుని యొద్ద ఫినాల్ఫ్తలీన్ ద్రావకము ఉండును. కోసిన ముక్కపై ఒక చుక్క వేసినచో, సబ్బు స్వతహాగా క్షార గుణము కలది గావున లేత గులాబి రంగు వచ్చుట సహజము. అయితే ఆ చార మీద మాత్రమే గాఢమైన గులాబి వచ్చినచో, అది మిగిలిన సోడా యని అనుమానింపవలెను. అట్టి సబ్బును అమ్మరాదు, ఒంటికి రాయరాదు. సంఘమువారి సబ్బును మేమిట్లే పరీక్ష చేయించితిమి. చారల చోట గాని, నెఱ్ఱెల చోట గాని గాఢమైన రంగు రాలేదు. అప్పుడుగాని మాకు ఊపిరి తిరుగలేదు.

ఏ రంగు నిలుచును?

దిష్టి తీయునప్పుడు పసుపునీటిలో సున్నము కలిపినచో ఎఱ్ఱనగుట మీరెరుగుదురు. సబ్బులోను అదే జరుగును. పసుపు వేసిన ముద్ద మొదట ఎఱ్ఱగా కనబడి, ఆరినకొలది మాసిన పసుపు రంగునకు వచ్చి, వెలుతురులో క్రమముగా వెలిసిపోవును. మందారపు ఎఱుపు, బీట్‌రూటు ఎఱుపు క్షారములో నిలువవు; గోధుమ రంగునకు మారును. ఎండిన వేపాకు పొడి మొదట పచ్చగానున్నను కొన్ని వారములలో గోధుమ ఛాయ పొందును. ఇవి మోసము కాదు, పదార్థ స్వభావము. నీలిమందు, మంజిష్ఠ, జాఫ్రా గింజలు తీసిన నూనె, శుద్ధి చేసిన ఎఱ్ఱమన్ను, బొగ్గుపొడి బాగుగా నిలుచును. ఖనిజ రంగులలో ఇనుప ఆక్సైడులు, అల్ట్రామెరైన్ నీలము క్షారమునకు చలింపవు. అభ్రకముతో చేసిన మెరుపు రంగులలో కొన్ని నిలుచును, కొన్ని మారును. కొంచెముతో పరీక్షించియే వాడవలెను.

హోలీ రంగులు, బట్టల అద్దకపు రంగులు, గోడలకు పూయు రంగులు, బజారు కుంకుమ ఎట్టి పరిస్థితిలోను సబ్బులో వేయరాదు. సౌందర్య సాధనములకు వాడదగిన రంగుల పట్టికను భారతీయ ప్రమాణము 4707 చెప్పుచున్నది. అట్టి రంగులలో సీసము పది లక్షల పాళ్లలో 20 పాళ్లకు మించరాదు. రంగు కొనునప్పుడు, సౌందర్య సాధనములకు అనుమతి కలిగినదని పొట్లము మీద ముద్రించి యున్నదా యని చూడుడు. చౌక యని విడి పొడి కొనుట బిడ్డల ఒంటిమీద పందెము కాయుట వంటిది.

జాగ్రత్తలు

ఇవి రంగుకంటె ముఖ్యమైనవి. సోడాను నీటిలో కొంచెము కొంచెముగా వేయవలెను. సోడా మీద నీరు పోయరాదు. పోసినచో తటాలున మరిగి మీదికి చిమ్మును. అల్యూమినియం పాత్రలు వాడరాదు. సోడా ఆ లోహమును తినివేయును. మండు స్వభావము గల హైడ్రోజను వాయువు పుట్టును. స్టీలు పాత్రలు, మందపు ప్లాస్టిక్ బాల్చీలు వాడవలెను. కండ్లకు అద్దములు, చేతులకు రబ్బరు తొడుగులు ఉండవలెను. గాలి తగులు చోట పని చేయవలెను. సోడా మీద పడినచో వెంటనే పారు నీటితో 20 నిమిషములు కడుగవలెను. కంట పడినచో కడుగుచునే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఎవరైన త్రాగినచో వాంతి చేయింపరాదు. ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. సోడా నీటిని నీళ్ల సీసాలలో పోసి యుంచుట వలన పిల్లలు త్రాగి ప్రమాదములు జరుగుచున్నవి. కావున తాళము వేసిన పెట్టెలో, పేరు వ్రాసిన డబ్బాలో ఉంచవలెను. పిల్లలు తిరుగు చోట, వంటయింట ఈ పని చేయరాదు.

నీటి విషయమును మరువరాదు. మన బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణములు హెచ్చు. అవి సబ్బును విరిచి తెట్టె కట్టించును. ఇనుము గల నీరు రంగును చెఱచును, నూనెను త్వరగా కంపు పట్టించును. శుద్ధి చేసిన నీరే వాడవలెను.

పోసిన 24 గంటలు మొదలు 48 గంటలలో సబ్బు కోతకు వచ్చును. కాని అప్పుడే అమ్మరాదు. 4 మొదలు 6 వారములు నీడలో, గాలికి, విడివిడిగా ఆరబెట్టవలెను. ఎండలో ఆరబెట్టినచో రంగు వెలియును.

మూడవ పోత

ఇక ఆ సంఘము మాట. తెల్లవారకముందే పని మొదలు పెట్టిరి. ఒకరు తూచిరి, ఒకరు వ్రాసికొనిరి, ఇద్దరు కల్వములో రంగు నూరిరి. ఆ పుస్తకమున నూనె, సోడా, నీరు, వేడి, వేళ అన్నియు వ్రాయబడినవి. రంగును గుడ్డతో వడియకట్టగా అడుగున మిగిలిన గరుకును చూచి, పెద్దామె, "ఇదా మన పాపము!" అనెను. చిన్న పళ్లెముల వంటి అచ్చులలో పోసి, కప్పక గాలికి ఉంచిరి. మరునాడు కోసిరి. మొదటి ముక్క కోయునప్పుడు అందరును మాట్లాడక నిలుచుండిరి. చార లేదు, నెఱ్ఱె లేదు. ఒక మూల స్వల్పముగా బూడిద పూత మాత్రము కనబడెను. దానిని తడిగుడ్డతో తుడిచిరి. 7 కిలోలకు పైగా తూగిన ఆ పోత నుండి 70 ముక్కలు వచ్చెను. ఆరు వారములు ఆరిన పిమ్మట సంతకు పోయిరి. లోపము గల పాత సబ్బులను పరీక్ష చేయించి, తురిమి బట్టలుతుకు సబ్బుగా తామే వాడుకొనిరి. ఒక్కటియు మంచి సబ్బులలో కలుపలేదు. పోయిన మాట తిరిగి వచ్చినది ఆ నిజాయితీ వలననే యని మా నమ్మకము.

పంచాయతీ చేయదగినది

1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణతో పదకొండవ షెడ్యూలు చేరినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు అందు కలవు. ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు వానిలో నొకటి. కావున ఈ పని మీ పరిధిలోనిదే. ధనము లేకయే మీరు చేయదగినవి కొన్ని చెప్పెదము.

ఒకటి, సబ్బు చేయువారికి అంగన్‌వాడికిని బడికిని దూరముగా, గాలి తగులు ఒక గది చూపుడు. రెండు, మంచి త్రాసును, ఉష్ణమాపకమును సంఘములన్నియు కలిసి వాడుకొనునట్లు ఏర్పాటు చేయుడు. మూడు, పాఠశాల ఉపాధ్యాయునితో సంఘమునకు పరిచయము కల్పించి ప్రతి పోతను పరీక్ష చేయింపుడు. నాలుగు, అమ్మకమునకై స్నానపు సబ్బు చేయువారికి 2020 సౌందర్య సాధనముల నియమావళి క్రింద లైసెన్సు వలయునని తెలుపుడు. ఆ దరఖాస్తు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు చేయవలెను. లైసెన్సు లేక అమ్మకము ప్రారంభించి, తరువాత సరకు పట్టుబడినచో, ఆ పేద స్త్రీల అప్పు ఎవరు తీర్చుదురు? ఐదు, ఒక పోత చెడినప్పుడు వారిని నిందింపకుడు. ఆ పుస్తకము తెరిపించి, నీరెంత, వేడి యెంత, రంగు ఎట్లు కలిపినారని అడుగుడు. కారణము అక్కడ దొరకును.

చివరగా ఒక్క మాట. చార పడిన సబ్బును చూచి ఊరివారు మోసమనిరి. అది మోసము కాదు, రంగు నూరకపోవుట. నెఱ్ఱె పడిన సబ్బును చూచి సున్నమనిరి. అది సున్నము కాదు, నీరు ఎక్కువగుట. తెలియని చోట అనుమానము మొలచును. తెలిసిన చోట పని సాగును. మీ గ్రామములో ఎవరైన ఒక గంప సబ్బులతో మీ గడపకు వచ్చినచో, మొదట ఆ త్రాసును, ఆ పుస్తకమును తెమ్మనుడు. మాకు తెలిసిన మేరకు మేమును తోడ్పడెదము. మాకు తెలియని చోట, ఈ మారు, నీరు ఎక్కువ పోయుమని మాత్రము చెప్పము!